జరంత నొప్పి

జ్ఞాపకాలు రాయడానికి ముప్పై ఆరేళ్ళ వయసు చాలదని నాకు తెలుసు. జుట్టు నెరిసి, రెండు మూడు పళ్ళు ఊడి, మనం ఎవరి గురించి రాస్తున్నామో వాళ్ళంతా పోయాక పెట్టుకోవాల్సిన పని ఇది. అప్పుడైతే "అట్ల జరగలేదురా" అనే మనిషి మిగలడు, ఎంత గొప్పగానైనా రాసుకోవచ్చు. నాకు ఆ వెసులుబాటు లేదు. సాక్షి ఒకాయన ఇంకా ఉన్నాడు. నేను ఇది రాస్తుంటే పక్క గదిలో భూతద్దం పట్టుకుని పేపరు చదువుతున్నాడు. అయినా ఎందుకు రాస్తున్నానంటే, పోయిన ఆదివారం ఇంటికి రంగులేయిస్తూ మా అవ్వ ఇనుప బీరువాను గోడ దగ్గర నుంచి జరిపాం. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు. అరలో పరిచిన పాత కాగితం తీసి దులిపితే నాలుగు మడతల చీటీ ఒకటి కింద పడింది. సుల్తానాబాద్‌లోని ఒక ప్రైవేటు దవాఖాన చీటీ. అవ్వ పేరు, వయసు ముప్పై ఎనిమిది, కింద డాక్టరు రాత. డాక్టర్ల రాత ఎవరికీ అర్థం కాదని లోకమంతా నవ్వుకుంటుంది గానీ ఈ డాక్టరు, పాపం, చాలా స్పష్టంగా రాశాడు. కడుపునొప్పి, మూడు రోజులు, మైల్డ్.

మూడో తరగతి చదివే మా బిడ్డ సహస్ర ఆ చీటీని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. "మైల్డ్ అంటే తెలుగుల ఏమంటరు డాడీ?" అనడిగింది. నేను ఒక పేపరాఫీసులో జిల్లా పేజీలు దిద్దుతాను కనుక ఈ ప్రశ్నకు నా అంత అర్హత గలవాడు కరీంనగర్‌లో లేడు. వాన అయితే తేలికపాటి అంటాం. చెరువు నిండేటట్టుంటే ఓ మోస్తరు అంటాం. బస్సు పల్టీ కొడితే లోపలివాళ్ళకు స్వల్ప గాయాలు. నాయకులకు వచ్చే అస్వస్థత ఎప్పుడూ స్వల్పమే, ఆ స్వల్పంతోనే కొందరు పోతుంటారు. పెళ్ళి సంబంధాల దగ్గర పిల్ల నెమ్మదస్తురాలు, పిలగాడు సౌమ్యుడు. ఇద్దరూ ఒక ఇంట్లో ఎప్పుడూ ఉండలేదు కాబట్టి అది అబద్ధమని చెప్పడానికి వీలుండదు. పుస్తకాల్లోకి పోతే మృదువు, కోమలం, సాత్వికం. వీటిని మా ఊళ్ళో ఎవరైనా పలికితే జ్వరం వచ్చిందేమోనని నుదురు పట్టి చూస్తారు. మా ఊరికి ఇన్ని మాటలు అక్కర్లేదు. జర అంటే చాలు. ఇంకా తగ్గించాలంటే జరంత.

"జరంత అంటరు బిడ్డా," అన్నాను. కుర్చీలో కూర్చున్న మా బాపు పేపరు పక్కకు జరిపి, "ఏం చీటీరా అది?" అన్నాడు. "ఏం లేదు బాపు, పాతది," అని జేబులో పెట్టుకున్నాను. పెట్టుకున్న తర్వాత గుర్తొచ్చింది, ఈ "ఏం లేదు" అనే విద్య నాకెవరు నేర్పారో.

మా ఊరు సుల్తానాబాద్‌కు దగ్గర్లో, వరిపొలాల మధ్య ఉంటుంది. నాకు ఊహ తెలిసేటప్పటికే బాపు మస్కట్‌లో ఉన్నాడు. కట్టడాలకు ఇనుప రాడ్లు వంచి అల్లే పని. ఇంట్లో ఉండేది ముగ్గురం: అవ్వ, నాయినమ్మ, నేను. పొలం అవ్వది, ఇల్లు నాయినమ్మది, నోరు నాది. నాయినమ్మ తెల్లవారగానే పెరట్లో దాలి రాజేసేది. గుంటలో పిడకలు పేర్చి, మీద పాలకుండ పెట్టి మూత వేస్తే, పొద్దుగూకే దాకా ఆ పాలు సన్న సెగ మీద కాగుతూనే ఉండేవి. పొంగేవి కావు, సప్పుడు చేసేవి కావు. సాయంత్రానికి ఇటుకరంగు మీగడ కట్టేది. ఆ పిడక పొగ వాసన మా బట్టలకు, జుట్టుకు, నా బడి పుస్తకాలకు కూడా పట్టి ఉండేది. లెక్కల సారు నా నోటుబుక్కు తెరిచి, "లెక్క తప్పైనా వాసన మాత్రం కమ్మగున్నదిరా," అనేవాడు. ఇంట్లో మనుషులు కూడా ఆ దాలి మీది కుండలాగే ఉండాలని నాయినమ్మ ఉద్దేశం. ఆమె ముందు గట్టిగా తుమ్మితే, "మెల్లగరా, ఇంటికేమన్న మంటలంటుకున్నయా?" అనేది.

గల్ఫ్‌లో శుక్రవారం సెలవు. కనుక ప్రతి శుక్రవారం మధ్యాహ్నం బాపు ఫోన్ చేసేవాడు. ఆ ఫోను రెండోసారి వెళ్ళేముందు ఆయనే పెట్టించాడు. దానికి అవ్వ పూలగుడ్డతో ముసుగు కుట్టింది. ఇంట్లో అందరికంటే మంచి బట్ట దానిదే. ఫోన్ శుక్రవారం వస్తుంది కాబట్టి గురువారం పొద్దుగూకాక మా ఇంట్లో కచేరి జరిగేది. నాయినమ్మ గడంచె మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, అడకత్తెరతో పోకచెక్కలు కత్తిరిస్తూ, ఈ వారం జరిగినవన్నీ ఒకటొకటిగా చెప్పమనేది. తర్వాత ఏది ఎంత తగ్గించి చెప్పాలో తీర్పు ఇచ్చేది. "ఆడ ఎండలవడి పనిజేస్తుండు. మన ఫికర్ వెట్టుకుంటే రాడ్డు మీదికెల్లి కాలు జారుతడు," అనేది. దీనికి ఎదురు మాట లేదు. ఎవరికి మాత్రం తండ్రి కాలు జారాలని ఉంటుంది?

పెరటి గోడ కూలి కోళ్ళ గూటి మీద పడ్డ వారం నాకు బాగా గుర్తు. "గోడ జర వంగింది అని చెప్పు," అంది నాయినమ్మ. "వంగి పండుకున్నది అంటనే నాయినమ్మా," అన్నాను. "పండుకున్నదంటే పడ్డదని తెలుస్తది. వంగిందను." బర్రె చచ్చిపోయిన వారం, "పాలు జర తక్కువైనయని చెప్పు," అంది. "అబద్ధమైతే గాదు, చచ్చిన బర్రె జర తక్కువనే ఇస్తది," అన్నాను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మా అవ్వ నవ్వు అట్లాగే ఉండేది. భుజాలు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు. నేను లెక్కల్లో తప్పితే "లెక్కలల్ల ఓ మోస్తరు" అయ్యాను. అవ్వకు వరినాట్లప్పుడు కాలు పుండై నడవలేకపోతే "కాలు జర గీరుకుంది" అయ్యింది. ఇవన్నీ ఫోన్లో చెప్పే పని నాది. ఎందుకంటే అవ్వ ఫోన్ పట్టుకుంటే ఊపిరి తప్ప ఏమీ వినిపించేది కాదు, నాయినమ్మకు ఫోన్ ఏ చెవికి పెట్టుకోవాలో చివరిదాకా తెలియలేదు.

బాపు తక్కువవాడేం కాదు. యాభై డిగ్రీల ఎండలో "జర వేడిగుంది" అనేవాడు. ఒకసారి "చెయ్యి జర గీరుకపోయింది" అన్నాడు. మరుసటి ఏడాది సెలవు మీద వచ్చినప్పుడు చూస్తే చిటికెన వేలికి పై కణుపు లేదు. నాయినమ్మ ఆ చేతిని తిప్పి తిప్పి చూసి, "గీరుడు జర లోతుకు వోయిందేమో కొడుకా," అంది. ఆమె గొంతు వణికిందో లేదో నాకు తెలియదు. ఆమె వణుకును కూడా తగ్గించే చెప్పేది. కాబట్టి ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. మేము తగ్గించి చెబుతామని బాపుకు తెలుసు, ఆయన తగ్గించి చెబుతాడని మాకు తెలుసు. అటు నుంచి జర అని వినిపిస్తే ఇటు మూడింతలు చేసుకునేవాళ్ళం. ఇటు నుంచి జర అంటే ఆయన కూడా అంతే. ఈ లెక్క ఎవరూ ఎవరికీ నేర్పలేదు. నేను తప్పని లెక్క బహుశా ఇదొక్కటే అనుకునేవాణ్ణి. ఇందులో ఒక చిన్న మినహాయింపు ఉండేది. నేను ఫోన్లో జోకు వేస్తే బాపు మూడింతలు చేసుకునేవాడు కాదు. పిలగాడు నవ్విస్తున్నాడంటే ఇంట్లో నిజంగానే ఏమీ లేదని ఆయన నమ్మకం. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

నేను పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న ఎండాకాలంలో అవ్వకు కడుపులో నొప్పి మొదలైంది. మొదటి రోజు ఎవరికీ చెప్పలేదు. రెండో రోజు దాలి దగ్గర కూర్చున్న మనిషి గోడ పట్టుకుని లేచింది. "ఏమైందే పిల్లా?" అంది నాయినమ్మ. "ఏం లేదత్తమ్మా, జర గుంజుతుంది." మూడో రోజు గురువారం. అవ్వ నడుము వంచే నడిచింది, అన్నం కంచం ముందు పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ఇక నాయినమ్మకే దిగులు పుట్టి, పొద్దున్నే ఆటోలో ముగ్గురం సుల్తానాబాద్ పోయాం. దారిలో గుంత వచ్చినప్పుడల్లా అవ్వ నా మోకాలు పట్టుకుంది. ఆటో దిగాక చూసుకుంటే నాలుగు గోళ్ళ గుర్తులున్నాయి. నేను, "అవ్వా, నొప్పి నీకా నాకా?" అన్నాను. ఆమె భుజాలు కదిలాయి.

డాక్టరు మంచివాడు. ఓపికగా అడిగాడు. "ఎక్కడమ్మా నొప్పి?" అవ్వ చెయ్యి పెట్టి చూపించింది. "బాగా ఎక్కువగా ఉందా?" అవ్వ నాయినమ్మ మొహం చూసింది. "జరంత సార్," అంది నాయినమ్మ. "తింటోందా?" "జరంత." "జ్వరం?" "ఒళ్ళు జర వెచ్చగున్నది సార్, గంతే." ఆయన పొట్ట మీద వేళ్ళతో నొక్కాడు. అవ్వ కొంగును పళ్ళ మధ్య పెట్టుకుని మొహం గోడవైపు తిప్పింది. ఆ మొహం డాక్టరుకు కనిపించలేదు. నేను నిలబడ్డ చోటికి కనిపించింది. డాక్టరు నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు బాబూ, ఇంట్లో ఎట్లా ఉంటోంది?" అన్నాడు. పదహారేళ్ళ జీవితంలో ఒక పెద్దమనిషి నన్ను సూటిగా ఒక విషయం అడగడం అదే మొదలు. నేను, "మా ఇంట్ల నొప్పి రావాలన్నా నాయినమ్మ పర్మిషన్ ఇయ్యాలె సార్," అన్నాను. ఆయన నవ్వాడు. నాయినమ్మ నవ్వింది. అవ్వ కూడా నవ్వింది, రెండు చేతులతో కడుపు పట్టుకుని. నవ్వుతున్న మనిషికి ఏ డాక్టరైనా ఏం రాస్తాడు? చీటీ మీద మైల్డ్ అని రాసి, గ్యాసుకు గోలీలిచ్చి, తగ్గకపోతే మళ్ళీ రమ్మన్నాడు.

మరునాడు శుక్రవారం. కచేరిలో తీర్పు ముందే అయిపోయింది: అసలు చెప్పనే వద్దు. కానీ బాపు గదిలో ఉండే లింగయ్యది మా ఊరే. అతను ఇంటికి ఫోన్ చేస్తే ఎవరో చెప్పేశారు. బాపు గొంతు మామూలుగా లేదు. "అవ్వకు పాణం మంచిగలేదంట గదరా? దవాఖానకు తీస్కపోయిన్రంట? నాకు జరలు గిరలు చెప్పకురా. ఉన్నదున్నట్టు చెప్పు. సూపర్వైజర్ ఒక్కనికి లీవు ఇస్తనంటుండు, ఎల్లుండే విమానం. నేను రావాల్నా? నేను రాకుంటే లింగయ్య పోతడు. ఆనికి కొడుకు పుట్టిండు, ఇంక మొకం సూడలే. చెప్పు, రావాల్నా?"

అవ్వ తలుపు చెక్క పట్టుకుని నిలబడి ఉంది. చెయ్యి అడ్డంగా ఊపింది, వద్దని. ఇప్పుడు వస్తే దసరాకు రాలేడు, ఆ తర్వాత రెండేళ్ళదాకా సెలవుండదు. నాయినమ్మ పెదవుల మీద వేలు పెట్టుకుంది. వాళ్ళిద్దరి మీద నేరం వేయడం ఇప్పుడు సులువే. కానీ ఫోన్ ఉన్నది నా చేతిలో. నా మోకాలు మీద ఆమె గుచ్చిన గోళ్ళు తెలుసు, గోడవైపు తిప్పిన మొహం తెలుసు. రమ్మని ఒక్క మాట అంటే సరిపోయేది. సరిగ్గా ఆ సమయానికి నాకు మంచి జోకు తట్టింది. దాన్ని వదులుకోలేకపోయాను. "నాయినమ్మ వండిన వంకాయ కూర తిన్నది బాపు. ఊర్ల ఇంకెవ్వలు తినలే, గందుకే ఇంకెవ్వలకు ఏం గాలే," అన్నాను. సముద్రం అవతల ఆయన పగలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ, "నువ్వు గిట్ల మాట్లాడుతున్నవంటే అంత మంచిగనే ఉన్నట్టు. నా పాణం నిమ్మళమైందిరా. అయితే లింగయ్యను పొమ్మంట," అన్నాడు. తర్వాత అవ్వ ఫోన్ అందుకుని, "మంచిగనే ఉన్న. నువ్వు పైలం," అంది. ఆమె ఆయనతో మాట్లాడిన చివరి మాట అది. అందులో కూడా తన గురించి రెండే ముక్కలు, మిగతాది ఆయన్ను జాగ్రత్తగా ఉండమనడం.

శనివారం నొప్పి తగ్గింది. ఒక్కసారిగా, ఎవరో తీసేసినట్టు తగ్గింది. "సూసిన్రా, గోలీలు పనిజేసినయ్," అని నాయినమ్మ దాలి మీది పాలు తోడి అవ్వకు గ్లాసు నిండా ఇచ్చింది. ఆ తగ్గడానికి అర్థమేమిటో, ఆదివారం నొప్పి తిరగబెట్టి తీసుకుపోతే, కరీంనగర్ పెద్దాసుపత్రిలో డాక్టరు సాయంత్రం మాకు చెప్పాడు. లోపల అపెండిక్సు పగిలింది. పగలగానే కొద్దిసేపు హాయిగా ఉంటుందట. తర్వాత విషం కడుపంతా పాకుతుందట. "ఇన్ని రోజులు ఎట్లా ఊరుకున్నారమ్మా?" అనడిగాడు. ఆపరేషన్ చేశారు, చేయవలసిందంతా చేశారు. ఆలస్యం వాళ్ళది కాదు.

ఆమె అప్పుడు అరిచింది. ఆదివారం, సోమవారం, మంగళవారం మధ్యాహ్నం దాకా అరిచింది. పదహారేళ్ళలో నేను వినని గొంతు అది, ఎక్కడ దాచుకుందో తెలియదు. మా దగ్గర ఆడవాళ్ళు మొగని పేరు నోటితో పలకరు. రేషను దుకాణంలో పేరడిగినా పక్కనున్న వాళ్ళ చేత చెప్పిస్తారు. మా అవ్వ కూడా బాపును "పిలగాని బాపు" అనేది, ఫోన్లో అయితే "ఇగో" అనేది. అట్లాంటి మనిషి ఆ వార్డులో ముప్పై మంచాల మధ్య "రాజేశం" అని అరిచింది. ఒకసారి కాదు. "రాజేశం, ఓ రాజేశం, నన్ను తీస్కపోరా," అని అరిచింది. పక్క మంచం వాళ్ళు కొడుకును పిలుస్తోంది కాబోలనుకున్నారు. నాయినమ్మ వంగి, "మెల్లగ పిల్లా, మెల్లగ. మొగని పేరు గట్ల తీస్తరా? మంది ఇంటున్నరు," అని ఆమె నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. అవ్వ ఆ చేతిని విసిరికొట్టింది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో అత్త చెయ్యిని ఆమె కాదనడం అదొక్కటే చూశాను. నాకు ఒక్క జోకు కూడా రాలేదు.

బాపు పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉండటంతో బయలుదేరేసరికి ఆలస్యమైంది. నేనే తలకొరివి పెట్టాను. ఊరంతా వచ్చి అవ్వను పొగిడింది. "ఎంత మెత్తటి మనిషి. ఆమె గొంతు వాకిలి దాటలే ఎన్నడు," అన్నారు. "నిమ్మళస్తురాలు, ఎవ్వర్ని తిప్పల వెట్టలే," అన్నారు. ఏ గుణం ఆమెను తీసుకుపోయిందో దానికే దండ వేసి పొగడటం చూస్తూ, నేను వచ్చినవాళ్ళందరికీ చాయ్ గ్లాసులు అందించాను. శుక్రవారం మధ్యాహ్నం, మామూలుగా ఫోన్ మోగే వేళకు, బాపు సూట్‌కేసుతో వాకిట్లో దిగాడు. ఆ సూట్‌కేసు తెరవగానే ఎప్పటిలాగే సబ్బుల వాసన, అత్తరు వాసన. దసరాకు కొన్న చీర పైనే ఉంది.

ఆయన ఏడవలేదు. స్నానం చేసి వచ్చి గడంచె మీద కూర్చుని, "ఎట్ల పోయింది?" అనడిగాడు. నాయినమ్మ నేను నోరు తెరిచేలోపే అంది: "నిమ్మళంగ పోయింది కొడుకా. నిద్రలనే పోయింది. నొప్పి గూడ జరంతనే." బాపు నా వైపు చూశాడు. "ఔ బాపు," అన్నాను. "ఏమన్న అన్నదా? నన్ను గిట్ల అడిగిందా?" "ఏమనలే బాపు. నిద్రలనే." ఆయన తల ఊపి, చాలాసేపు తన చిటికెన వేలు కణుపు లేని చోట నిమురుకుంటూ కూర్చున్నాడు. ఆయన్ను ఆ మూడు రోజుల నుంచి కాపాడాననుకున్నాను. కొన్నాళ్ళకు ఆయన మళ్ళీ మస్కట్ పోయాడు. శుక్రవారం ఫోన్లు వచ్చేవి. ఇక తగ్గించి చెప్పడానికి మా ఇంట్లో పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు కాలం మారింది. తగ్గించి చెప్పేవాళ్ళు అంతరించారు. మా ఆఫీసుకు వచ్చే వార్తల్లో కుక్క కరిస్తే కల్లోలం, కరెంటు పోతే హాహాకారాలు. నేను కూర్చుని వాటిని స్వల్పం, ఓ మోస్తరు అని దిద్దుతుంటాను. వేరేవాళ్ళ బాధలకు కొలతలు పెట్టే ఉద్యోగం నాకే దొరకడం నవ్వొచ్చే సంగతే. ఇంట్లో మాత్రం సహస్ర "కడుపు నొస్తుంది డాడీ" అంటే చాలు, బండి తీస్తాను. మా ఆవిడ సునీత, "జరంత నొప్పికే దవాఖానా?" అంటుంది. ఆ మాటకు నేను ఆమె మీద అరుస్తాను. తర్వాత క్షమాపణ అడుగుతాను. ఎందుకు అరిచానో చెప్పను. చెప్పకపోవడమనే జబ్బు నాలో అట్లాగే ఉంది. పైన జోకుల పూత ఉంది కాబట్టి ఎవరికీ కనిపించదు. అప్పటి వాళ్ళది ప్రేమ, ఇప్పటి వాళ్ళది ఆర్భాటం అని తేల్చిపారేస్తే పెద్దమనిషి తరహాగా ఉంటుంది గానీ, మా నాయినమ్మ ప్రేమకు ఎంత ఖరీదైందో తెలిసినవాణ్ణి కనుక ఆ మాట నా కలం నుంచి రాదు.

పోయిన ఆదివారం దగ్గరికి వస్తాను. రంగులేసేవాళ్ళు అన్నానికి పోయారు. బాపు చెయ్యి చాపి, "ఆ చీటీ తేరా," అన్నాడు. ఇచ్చాను. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. గల్ఫ్ బోర్డులు చదివి చదివి ఆయనకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. "మైల్డ్," అన్నాడు. "మా సైట్ల మైల్డ్ స్టీల్ అని ఉంటుండె. ఎట్ల వంచితే గట్ల వంగుతది." చీటీని తిప్పి వెనక వైపు కూడా చూసి, "డాక్టర్‌కు మైల్డని ఎవలు చెప్పిన్రు?" అన్నాడు.

"నాయినమ్మ," అన్నాను. ఆమె పోయి పదేళ్ళయింది, అక్కడితో ఆపేయవచ్చు. "నేను గూడ బాపు," అన్నాను.

నేను ఆయన ముందు నేల మీద కూర్చున్నాను. "బాపు, అవ్వ నిద్రల పోలే," అన్నాను. తర్వాత అన్నీ చెప్పాను. గోళ్ళ గుర్తులు, గోడవైపు తిప్పిన మొహం, ఆ శుక్రవారం తలుపు పట్టుకుని నిలబడ్డ తీరు, జోకు. "నువ్వు రావాల్సుండె. నేను వద్దన్న," అన్నాను. వార్డు సంగతి చెప్పాను. మూడు రోజులు అరిచిందని, అందరికీ వినిపించేటట్టు అరిచిందని చెప్పాను. ఎక్కడా జర అనలేదు. చెబుతున్నంతసేపూ ఆయన నన్ను కొడితే బాగుండుననిపించింది. "నిన్ను పిలిచింది. పేరు వెట్టి పిలిచింది," అన్నాను.

"ఎవల పేరు?"

"నీ పేరే బాపు. రాజేశం అని."

"ఆమెకు నా పేరు తెల్సా?" అన్నాడు బాపు. నా జోకులు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు అప్పుడు అర్థమైంది. ఆయన నవ్వలేదు. భూతద్దం ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇరవై ఏండ్లురా. నేను రాలేదని కోపమొచ్చి, నా పేరు గూడ యాది చెయ్యకుండ పోయిందనుకున్న. ఏమన్న అన్నదా అని అడిగితిని గదా నిన్ను. ఏమనలే అంటివి. సరే, నా మీద అలిగింది, అలిగే పోయింది అనుకున్న. ఇరవై ఏండ్లు అదే అనుకుంట బతికిన."

నేను తల దించుకున్నాను. ఇరవై ఏళ్ళు ఆయన్ను దేని నుంచి కాపాడానో అప్పుడు తెలిసింది.

"ఎట్ల పిలిచింది?" అనడిగాడు.

చెప్పాను. నెమ్మదిగా, మామూలు గొంతుతో. తండ్రి పేరును తండ్రి ముందు అంతకంటే గట్టిగా పలకడానికి నాలుక తిరగలేదు.

"గట్లనేనా?"

"కాదు బాపు. గట్టిగ."

"ఆమె ఎట్ల పిలిచిందో గట్ల పిలువు."

"కిటికీలన్ని తెరిచున్నయ్ బాపు. పక్కింటోళ్ళు..."

"పిలువుమంటున్న గదరా."

పిలిచాను. మొదటిసారి గొంతు మధ్యలోనే తెగిపోయింది. రెండోసారి ఆమె పిలిచినట్టే పిలిచాను. వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. సునీత పరుగెత్తుకొచ్చింది, ఆమె వెనక సహస్ర బిక్కమొహంతో వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయింది. బాపు వాళ్ళవైపు చూడకుండానే చెయ్యెత్తి ఆగమన్నాడు. కళ్ళు మూసుకుని, నా వైపు చెవి పెట్టి కొద్దిగా ముందుకు వంగాడు.

"ఇంకొక్కపారి," అన్నాడు.